సింధూ, ఆ మూడు పేజీలు తీసెయ్

సింధూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. క్రిటికల్ రేస్ థియరీ అంటే ఏమిటో చెప్పడానికే నీకు మూడు పేజీలు పట్టింది. అవి తీసెయ్యమ్మా. పైకి అందరికీ ఒకటే అనిపించే చట్టాలూ రూల్సూ కూడా జాతి వివక్షని నిలబెడతాయన్నది డెరిక్ బెల్ లాంటి అమెరికా న్యాయశాస్త్ర అధ్యాపకుల ఆలోచన. దాన్ని 1995లో గ్లోరియా లాడ్సన్ బిల్లింగ్స్, విలియం టేట్ విద్యారంగానికి తెచ్చారు. ఆ ముక్క చాలు. మిగతాది ఒక్క రూల్ పట్టుకుని చూపించు.

ఆరో పేజీ అడుగున పడేసిన లెగసీ అడ్మిషన్ల సంగతే తీసుకో. తాతో తండ్రో అక్కడ చదివుంటే పిల్లాడి అప్లికేషన్‌కి కాస్త మొగ్గు. ఆ రూల్లో రంగు మాటే లేదు. కానీ నార్త్ కరొలైనా యూనివర్సిటీలో పాఠాలు మొదలైంది 1795లో. అక్కడ నల్ల విద్యార్థులు అడుగుపెట్టింది 1951లో, అదీ కోర్టు చెప్తే. మరి ఆ చోట చదువుకున్న తాత ఎవరికి ఉంటాడు? 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్‌లోనూ ఈ నార్త్ కరొలైనా యూనివర్సిటీలోనూ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకునే పద్ధతిని కొట్టేసింది. తాతల మొగ్గు జోలికి మాత్రం పోలేదు. ఈ తేదీలు వరసగా పెట్టు, చదివేవాళ్ళకి నిర్వచనంతో పనుండదు.

నువ్వు టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) ఉన్నప్పుడు పిల్లలు నీ యాస మీద రాసిన కామెంట్ల పేజీ బాగుంది. నాకూ అదే జరిగింది, చదువుతుంటే గొంతులో ఏదో అడ్డుపడింది. దాన్ని కదిలించకు.

కానీ మన ఇళ్ళలో జరిగేది ఒక్క లైనైనా లేదేం? నేను చదువుకునే రోజుల్లో మా అపార్ట్‌మెంట్‌కి కొత్తగా ఒకమ్మాయి వచ్చింది. అన్నాల దగ్గర ఎవరో ఇంటిపేరు అడిగారు. దాంతో తేలలేదేమో, "ఏ ఊరు? ఊళ్ళో ఎటువైపు?" అన్నారు. ఆ అమ్మాయి కంచం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను పప్పు గిన్నెలో గరిటె తిప్పుతూ ఊరుకున్నాను. ఆ పిల్ల మళ్ళీ మాతో కలిసి తినలేదు. బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తమ వివక్ష వ్యతిరేక నిబంధనల్లో కులం చేర్చాయంటే ఊరికే చేర్చలేదు. తెల్లవాళ్ళ రూల్‌ని అడిగిన ప్రశ్నే మన వంటింటినీ అడగాలి కదా.

నీ రూమ్మేట్ సంగతి ఫోన్లో చెప్పావు, గుర్తుందా? ముందు తనని అడుగు. ఒప్పుకుంటేనే రాయి, పేరూ ఊరూ మార్చి. తర్వాత నాకు పంపు, రాగానే చదువుతాను.

మీ ఆంటీ