పైపు వంపులు కుదరట్లేదు, కోర్సు మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరి నాలుగు నెలలైంది. అడ్డు తప్పించడానికి కండ్యూట్ పైపుకి (లోపల వైర్లు వెళ్లే గొట్టం) ఆఫ్‌సెట్ వంచమంటే ప్రతిసారీ పాడుచేస్తున్నాడట. లెక్కలు రావనే ఇటు వచ్చాడు. ఇక్కడా త్రికోణమితే ఎదురైందని దిగులుపడుతున్నాడు. మాన్పించేయమంటారా?

జవాబు: అప్పుడే వద్దమ్మా. పైపు ఎలా పాడవుతోందో ముందు కనుక్కోండి.

ఆఫ్‌సెట్ అంటే రెండు వంపులు. మొదటిది పైపుని పక్కకి తప్పిస్తుంది, రెండోది అదే కోణంలో వెనక్కి తిప్పి పాత దారికి సమాంతరంగా నిలబెడుతుంది. పైపు మీద వంచాల్సిన చోట్ల పెట్టే రెండు గుర్తుల మధ్య దూరం కావాలంటే, తప్పించాల్సిన ఎత్తుని ఒక అంకెతో హెచ్చవేయాలి. 22.5 డిగ్రీలకు 2.6, 30కి 2, 45కి 1.4. బడిలో అతన్ని భయపెట్టిన త్రికోణమితి ఇక్కడ ఇంతే. సైన్ 30 సగం కదా, దాన్ని తలకిందులు చేస్తే 2.

అడ్డు 6 అంగుళాల ఎత్తుంది, పైపు కొస నుంచి 40 అంగుళాల దూరంలో ఉంది అనుకుందాం. 30 డిగ్రీలకైతే గుర్తుల మధ్య 12 అంగుళాలు. పైపు ఏటవాలుగా వెళ్లడం వల్ల నిడివి కొంత తగ్గుతుంది. ఈ కోణంలో ఎత్తు అంగుళానికి పావు అంగుళం చొప్పున, అంటే ఒకటిన్నర. కాబట్టి అడ్డు వైపు గుర్తు 41.5 దగ్గర, రెండోది అక్కణ్నుంచి 12 వెనక్కి, 29.5 దగ్గర. కొత్తవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఆ ఒకటిన్నరే. ఎత్తు సరిపోయినా వంపు అడ్డుకి ముందే పడిందంటే కారణం అదే. ఎత్తే తేడా వస్తే కోణమో, గుర్తుల దూరమో తప్పింది.

ఇక పైపుని నేలమీద పెడితే ఒక కొస పైకి లేస్తోందా? దాన్ని డాగ్‌లెగ్ అంటారు. దానికీ లెక్కలకీ సంబంధమే లేదు. రెండో వంపుకి పైపుని సరిగ్గా 180 డిగ్రీలు తిప్పలేదన్నమాట. పైపు పొడవునా ఒక గీత గీసుకుని, బెండర్‌లో (పైపు వంచే పనిముట్టు) ఆ గీత పక్కకి జరక్కుండా చూసుకుంటే కొద్దిరోజుల్లో చేతికి అలవాటవుతుంది.

కోణం ఎంచుకోవడంలో మాత్రం తొందర వద్దనండి. 45 డిగ్రీల ఆఫ్‌సెట్ తక్కువ చోటులో ఇమిడిపోతుంది, కానీ రెండు వంపులూ కలిపి 90 అవుతుంది, లోపల వైరు లాగేటప్పుడు ఆ కష్టం తెలుస్తుంది. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ అయితే రెండు పుల్ బాక్సుల (వైరు లాగడానికి మధ్యలో పెట్టే పెట్టెలు) మధ్య మొత్తం వంపులు 360 డిగ్రీలు మించకూడదంటుంది. చోటుంటే నేను 30కే ఓటేస్తాను, నోటిలెక్కతో తేలిపోతుంది కూడా.

ఈసారి పాడైన పైపుల్ని పారేయకుండా మూడింటిని దాచి, ఒక్కొక్కటీ ఎక్కడ తప్పిందో దానిమీదే సుద్దతో రాయమనండి. మూడూ డాగ్‌లెగ్‌లే అయితే లెక్కల మాట ఇంట్లో ఇక ఎత్తకండి. కొలతలే తప్పుతుంటే ఆ మూడు అంకెల్నీ టేపు వెనకాల రాసి ఇవ్వండి. రెండు నెలలు గడిచాక కూడా పైపు పట్టుకోవడానికే మనసొప్పడం లేదంటే అప్పుడు వేరే కోర్సు గురించి మాట్లాడుకుందాం.