చర్మవైద్య నిపుణులు కావాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. స్కిన్ డాక్టర్ అవుతానని పట్టుబట్టి కూర్చుంది. ఇంటర్ కాగానే నేరుగా చేరే కోర్సు ఉందా? మొత్తం ఎన్నేళ్లు పడుతుంది? రాత్రి డ్యూటీలు, ప్రాణం మీదికి వచ్చే కేసులు ఉండవు కాబట్టి ఆడపిల్లకు హాయైన బ్రాంచి అని మా బంధువులు అంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, తణుకు

జవాబు: ఇంటర్ తరువాత నేరుగా చర్మవైద్యంలో చేరే కోర్సు లేదు. మీ అమ్మాయి ముందుగా నీట్ యూజీ రాసి ఎంబీబీఎస్ సీటు తెచ్చుకోవాలి. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ కలిపి అది అయిదున్నరేళ్లు. ఆపైన నీట్ పీజీలో గాని, ఎయిమ్స్, జిప్‌మర్, చండీగఢ్ పీజీఐ వంటి సంస్థల సీట్ల కోసం ఏడాదికి రెండుసార్లు జరిగే ఐఎన్ఐ సెట్‌లో గాని మంచి ర్యాంకు సాధించి మూడేళ్ల ఎండీలో చేరాలి. ఎక్కడా ఆగకుండా సాగితే ఎనిమిదిన్నరేళ్లలో పూర్తవుతుంది. కానీ నీట్‌కు లాంగ్ టర్మ్ కోచింగ్, పీజీ ప్రవేశానికి మరో ఏడాది ఇంటిపట్టున చదువు మన పిల్లలకు మామూలైపోయాయి కనుక, పదేళ్లు అనుకుని ఇంటి ఖర్చులు చూసుకోవడం మంచిది.

ఇక మీ బంధువుల మాట సగమే నిజం. ప్రాక్టీసు పెట్టుకున్న తరువాత అర్ధరాత్రి పిలుపులు తక్కువే గాని, ఎండీ చదివే మూడేళ్లూ వార్డు డ్యూటీలు తప్పవు. మందు పడక ఒంటిమీద చర్మమంతా కాలినట్టు ఊడివచ్చే రోగులు, ఒళ్లంతా నీటిబుగ్గలు లేచే పెంఫిగస్ రోగులు ఆ వార్డుల్లోనే ఉంటారు, వారిలో కొందరిని బతికించుకోవడమే కష్టమవుతుంది. అందం, తెల్లదనం, లేజర్ అన్న మాటలతోనే ఈ వైద్యం ప్రచారంలోకి రావడం వల్ల పిల్లలకు అసలు పని కనబడడం లేదని నా అభిప్రాయం. మన దేశంలో ఈ ఎండీ పట్టాలో చర్మవ్యాధులతో పాటు సుఖవ్యాధులు, కుష్ఠు కూడా కలిసే ఉంటాయి. అందుకే కళాశాలల్లో దీన్ని డీవీఎల్ (డెర్మటాలజీ, వెనీరియాలజీ, లెప్రసీ) అంటారు. దేశంలో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా లేని స్థాయికి తగ్గిందని 2005 చివర్లో ప్రకటించినా, కొత్త రోగులు ఇప్పటికీ ఓపీకి వస్తూనే ఉన్నారు.

వీలైతే మీ అమ్మాయిని తెలిసిన డాక్టరుగారి అనుమతితో ఒక పూట పెద్దాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో కూర్చోనివ్వండి. పాలిపోయిన మచ్చతో వచ్చిన మనిషిని కళ్లు మూసుకోమని, దూదిపోగుతో మచ్చమీదా పక్కనున్న మామూలు చర్మంమీదా తాకించి, తగిలినచోట వేలు పెట్టి చూపమంటారు. మచ్చమీద తాకినప్పుడు వేలు కదలకపోతే, మోచేతి వెనుక నరం లావెక్కిందేమోనని తడిమి చూస్తారు. ఖరీదైన యంత్రమేదీ లేకుండానే కుష్ఠు అక్కడ బయటపడుతుంది. అలాంటి పని మీద ఆసక్తి కలిగితే ఆమె ఎంపిక సరైనదే. లేదు, మొటిమలకు క్రీములు రాసిచ్చే పని మాత్రమే ఊహించుకుని ఉంటే మరోసారి ఆలోచించుకోమనండి.

ప్రశ్న: నేను హౌస్ సర్జన్‌ను. డీవీఎల్ చేయాలని ఉంది, కానీ ఆ సీట్లు మొదటి ర్యాంకుల్లోనే అయిపోతున్నాయి. ఎండీ రాకపోతే డిప్లొమా, డీఎన్‌బీ పనికివస్తాయా? అసలు పీజీ లేకుండానే లేజర్, జుట్టు మార్పిడి కోర్సులు చేసి క్లినిక్ పెట్టుకుంటే తప్పేమిటి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నీట్ పీజీలో అడిగే 200 ప్రశ్నల్లో చర్మవ్యాధుల నుంచి వచ్చేవి కొద్దిపాటివే. డీవీఎల్ సీటు తెచ్చిపెట్టేవి మెడిసిన్, సర్జరీ, గైనకాలజీ, సోషల్ అండ్ ప్రివెంటివ్ మెడిసిన్ వంటి పెద్ద సబ్జెక్టులే కనుక, ఇష్టమైన సబ్జెక్టు ముందేసుకుని మిగతావాటిని పక్కన పెట్టకండి. ఒక్కో కళాశాలలో ఈ విభాగానికి సీట్లు తక్కువ, కోరుకునేవారు ఎక్కువ. ఈ పోటీ ఇప్పట్లో తగ్గే సూచన లేదు.

డీఎన్‌బీ అంటే డిప్లొమేట్ ఆఫ్ నేషనల్ బోర్డ్, ఎంబీబీఎస్ తరువాత మూడేళ్లు ఆసుపత్రిలో చేసే పీజీ. ఎండీతో సమానంగా గుర్తింపు ఉన్న అర్హత, ప్రవేశం కూడా నీట్ పీజీ ర్యాంకుతోనే. దీన్ని తక్కువగా చూడవద్దు. అయితే చేరబోయే ఆసుపత్రిలో ఓపీకి ఎంతమంది వస్తారో, బయాప్సీలు ఎన్ని చేయిస్తారో అక్కడ చదువుతున్న సీనియర్లను అడిగి తెలుసుకోండి. డిప్లొమా రెండేళ్లది. చాలా కళాశాలలు ఆ సీట్లను ఎండీ సీట్లుగా మార్చుకోవడంతో అవకాశాలు తగ్గాయి గాని, దొరికితే వదులుకోనవసరం లేదు, డిప్లొమా తరువాత మరో రెండేళ్లలో డీఎన్‌బీ చేసే దారి ఉంది. ప్రభుత్వ కళాశాలల సీట్లలో సగం అఖిల భారత కోటాకు పోగా, మిగిలినవాటికి తెలంగాణలో కాళోజీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు కౌన్సెలింగ్ జరుపుతాయి. పీజీ వైద్య సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో తీర్పు చెప్పింది కాబట్టి, స్థానికత విషయంలో సీనియర్ల పాత అనుభవాన్ని నమ్ముకోకుండా ఆ ఏటి నోటిఫికేషన్‌ను చివరిదాకా చదవండి.

ఇక రెండో సంగతి. జుట్టు మార్పిడి గురించి జాతీయ వైద్య కమిషన్ 2022లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది తగిన శిక్షణ కాదని అందులో స్పష్టంగా ఉంది. చట్టం సంగతి అటుంచినా, యంత్రం ఎలా ఆడించాలో వారాంతపు కోర్సు నేర్పగలదు గాని, ఏ మచ్చ మీద యంత్రం పెట్టకూడదో నేర్పలేదు. తామరనే తీసుకోండి. దురద తగ్గుతుందని మందుల షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీము కొని నెలల తరబడి రాసుకున్న మనిషికి తామర దాని గుండ్రటి అంచు పోగొట్టుకుని, ఎగ్జిమాలాగో మరొకదానిలాగో కనిపిస్తుంది. పీజీ విద్యార్థి ఆ మచ్చ అంచును మొండి బ్లేడుతో గీకి, రాలిన పొట్టును గాజుపలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి కాసేపు ఆగి సూక్ష్మదర్శినిలో చూస్తాడు. కొమ్మలు చీలిన సన్నటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. ఈ పని వందలసార్లు చేసిన కన్నుకూ, చేయని కన్నుకూ తేడా ఉంటుంది. చర్మానికి రాసే స్టెరాయిడ్లను 2018లో ప్రిస్క్రిప్షన్ తప్పనిసరైన మందుల జాబితాలో చేర్చినా, అవి చేతికి అందుతూనే ఉన్నాయి కనుక మీ ఓపీలో రేపు సగం పని వాటి ఫలితాలను సరిదిద్దడమే అవుతుంది.

పిల్లల చర్మవ్యాధులు, చర్మశస్త్రచికిత్స, లేజర్ వంటివాటిలో ఫెలోషిప్పులు ఎండీ తరువాత చేయదగ్గవి. పట్టా చేతికి రాగానే దాన్ని రాష్ట్ర వైద్య మండలిలో అదనపు అర్హతగా నమోదు చేయించుకోవడం మాత్రం మరచిపోవద్దు.

ప్రశ్న: నేను బీఎస్సీ పూర్తి చేశాను. ఆరు నెలల కాస్మెటాలజీ డిప్లొమా చేస్తే స్కిన్ క్లినిక్ పెట్టుకుని పేషెంట్లను చూడవచ్చని ఆ సంస్థవారు చెబుతున్నారు. చేరమంటారా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: పేషెంట్లను చూడడానికే అయితే చేరవద్దు. వైద్య రిజిస్టరులో పేరు లేకుండా వైద్యం చేయడం జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం నేరం. ఏడాది వరకు జైలు, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఆ కోర్సు బ్యూటీ పార్లర్ పనికి, లేదా చర్మవైద్యుల క్లినిక్‌లో సహాయకురాలి ఉద్యోగానికి ఉపయోగపడవచ్చు. అంతవరకు చాలనుకుంటే, ఫీజు కట్టే ముందు కిందటి బ్యాచీలో చదివినవారు ఇప్పుడు ఎక్కడ, ఎంత జీతానికి పనిచేస్తున్నారో వారినే అడగండి. పేరుకు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చని ఆ సంస్థవారు నోటితో చెబితే, అదే మాట లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి.