ఈజిప్టు దేవుళ్ల మీద ఇష్టం, చదువుగా పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఎప్పుడు చూసినా ఈజిప్టు దేవుళ్లు, మమ్మీలే. ఇంజినీరింగ్ వద్దు, ఈజిప్టాలజీ చదువుతానంటోంది. అది ఎక్కడ చెప్తారు? అన్నం పెడుతుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్తానండీ. ఈజిప్టాలజీలో ఉద్యోగాలు ప్రపంచం మొత్తం మీదే తక్కువ. ఉన్నవి ఎక్కువగా యూనివర్సిటీల్లో, మ్యూజియంలలో. పీహెచ్‌డీ లేకుండా దొరకడం కష్టం. డిగ్రీ నుంచి లెక్కేస్తే దాదాపు పదేళ్ల చదువు. ఇది అమ్మాయికి కూడా ఇలాగే చెప్పండి.

ఆ తర్వాత తేల్చుకోవాల్సింది ఒక్కటే. తనకు నచ్చింది కథలా, ఆ కథలు రాసిన భాష కూడానా? చనిపోయినవారి వెంట సమాధిలో పెట్టే మంత్రాల సంపుటి, మృతుల గ్రంథం. అందులోని 125వ మంత్రం తీసుకోండి. చనిపోయిన మనిషి మృతుల లోకపు దేవుడు ఒసిరిస్ సభకు వెళ్తాడు. తక్కెడలో ఒకవైపు అతని గుండె, మరోవైపు సత్యానికీ ధర్మానికీ దేవత అయిన మాత్ ఈక. నక్క తల దేవుడు అనూబిస్ తూకం చూస్తాడు, రాతకు దేవుడైన తోత్ రాసుకుంటాడు. తూకం తప్పితే మొసలి తల అమ్మిత్ ఆ గుండెను మింగేస్తుంది. దొంగతనం చేయలేదు, తూకంలో మోసం చేయలేదు అని 42 మంది దేవతల ముందు చెప్పుకోవాలి. ఇంతవరకు మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది.

అసలు చదువు దీని తర్వాత మొదలవుతుంది. పేడపురుగు ఆకారంలో చెక్కిన రాయి మీద 30వ మంత్రం రాసి మమ్మీ గుండె దగ్గర పెట్టేవారు. అందులో ఆ మనిషి తన గుండెనే బతిమాలుకుంటాడు, నాకు ఎదురు సాక్ష్యం చెప్పొద్దని. నిజాన్ని తూచే చోటికి వెళ్తూ సాక్షి నోరు కట్టే మంత్రం వెంట పట్టుకెళ్లడం ఏమిటి? వాళ్లు నమ్మింది ధర్మాన్నా, మంత్రాన్నా, రెండింటినీనా? దీనికి జవాబు కావాలంటే మూలం చదవాలి, ఏ కాలంలో ఏ మాట మారిందో చూడాలి. ఈ సెలవుల్లో ఈజిప్టు బొమ్మల లిపిలో ఒక్కో ధ్వనికి ఒక్కో బొమ్మగా ఉండే 24 గుర్తులు నేర్చుకోమనండి. తర్వాత సమాధి ఫలకాల మీద మళ్లీ మళ్లీ కనిపించే నైవేద్య వాక్యం చదవమనండి. అక్కడ విసుగొస్తే ఇష్టాన్ని ఇష్టంగానే ఉంచుకోవచ్చు. విసుగు రాకపోతే మీరు అడ్డుపడకండి.

అప్పుడు దారి ఇదీ. ఇక్కడ ఈజిప్టాలజీ డిగ్రీ కోసం వెతుకుతూ ఏడాది పోగొట్టుకోవద్దు. చరిత్రతో బీఏ, కుదిరితే సంస్కృతం కూడా. తర్వాత ఉస్మానియాలోనో పుణె డెక్కన్ కాలేజీలోనో పురావస్తు శాస్త్రంలో పీజీ. ఆపైన ఆక్స్‌ఫర్డ్, లివర్‌పూల్, లైడెన్, షికాగో, లైప్‌జిగ్, కైరోలోని అమెరికన్ యూనివర్సిటీ లాంటివి. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు తక్కువ, ఖర్చంతా ఉండటానికీ తినడానికీ. ఈ రంగంలో పరిశోధన ఇంగ్లిష్‌తో పాటు జర్మన్, ఫ్రెంచ్‌లలో కూడా చాలా ఉంది కాబట్టి డిగ్రీ మొదటి ఏడాదే ఆ రెండింట్లో ఏదో ఒకటి మొదలుపెట్టాలి.

సంస్కృతం అన్నది ఊరికే కాదు. ఈజిప్టులో ఎర్రసముద్రం ఒడ్డున బెరెనికే అనే పాత ఓడరేవు ఉంది. అక్కడి సెరాపిస్ దేవుడి గుడి దగ్గర మన దేశంలో చేసిన జాడీలో ఏడు కిలోలకు పైగా మిరియాలు దొరికాయి. 2022లో ఐసిస్ దేవత గుడి దగ్గర పాలరాతి బుద్ధుడు బయటపడ్డాడు. సంస్కృత శాసనం కూడా దొరికింది. ఈ రెండు లోకాలూ తెలిసిన పరిశోధకులు చాలా తక్కువ. మన పిల్లలు ధైర్యంగా అడుగుపెట్టగల చోటు ఇదేనని నా గట్టి నమ్మకం.

ఎంపీసీ మాత్రం మధ్యలో మాన్పించకండి. బీఏకి ఏ గ్రూపైనా చాలు, పాత వస్తువుల పరిరక్షణ వైపు వెళ్తే కెమిస్ట్రీ పనికొస్తుంది. పరీక్షలయ్యాక హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్న ఈజిప్టు మమ్మీని చూపించండి. పురావస్తు పీజీ దాకా వచ్చి విదేశం కుదరకపోయినా పురావస్తు శాఖ, మ్యూజియం, లెక్చరర్ పోస్టులకు పోటీ పడొచ్చు.