హవాయి ప్లేట్ లంచ్: అన్నం సరే, పక్కనున్నది అడిగి తినండి

హొనొలులుకో హిలోకో కొత్తగా వచ్చిన మనవాళ్లకు మధ్యాహ్నం అన్నం గురించి బెంగ అక్కర్లేదు. ప్లేట్ లంచ్ ఎక్కడైనా దొరుకుతుంది: రెండు ముద్దల అన్నం, ఒక ముద్ద మాకరోనీ సలాడ్, పక్కన మాంసమో చేపో. చెరకు తోటల్లో పనిచేసిన జపాన్, చైనా, కొరియా, ఫిలిప్పీన్స్, పోర్చుగల్ కూలీల మధ్యాహ్నం తిండి నుంచి పుట్టిందిది. అందుకే జపాన్ తరహాలో రొట్టెపొడి అద్ది వేయించిన చికెన్ కట్సు, ఫిలిప్పీన్స్ వాళ్ల పుల్లటి మాంసం కూర అడోబో ఒకే కొట్లో దొరుకుతాయి.

గొడ్డు మాంసం, పంది మాంసం తిననివాళ్లు పేర్లు ముందే తెలుసుకోవాలి. నేలగుంతలో కాల్చే కలువా, చామాకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే లావులావు, ఈ రెండింటిలో సాధారణంగా ఉండేది పంది మాంసం. స్పామ్ అనే డబ్బా మాంసం ముక్కను అన్నం ముద్ద మీద పెట్టి చుట్టే స్పామ్ ముసుబిలో ఉండేదీ అదే. లోకో మోకోలో అన్నం మీద గొడ్డు మాంసం ప్యాటీ, గుడ్డు, గ్రేవీ వేస్తారు. ప్యాటీ వద్దంటే సరిపోదు, గ్రేవీలోనూ సాధారణంగా ఆ మాంసం రసమే ఉంటుంది.

శాకాహారులకు అసలు చిక్కు కంటికి కనబడని వాటితోనే. సైమిన్ అనే నూడుల్స్ వంటకంలోని పులుసును ఎండు రొయ్యలతోనో ఎండు చేపతోనో కాస్తారు. అన్నం మీద చల్లే ఫురికాకేలో తరచూ చేప పొడి ఉంటుంది. మాకరోనీ సలాడ్‌లోని మయొనీజ్‌లో గుడ్డు ఉంటుంది, కొన్ని చోట్ల ట్యూనా కూడా కలుపుతారు. టోఫు కట్సు దొరికినా, చికెన్ వేయించిన నూనెలోనే వేయించారేమో అడగండి. మాకరోనీ సలాడ్ బదులు ఆకుకూరల సలాడ్ కావాలంటే "టాస్డ్ సలాడ్" అనండి, చాలా చోట్ల మార్చి ఇస్తారు. చామదుంప ఉడికించి నూరిన పోయి, కొబ్బరిపాల హౌపియా నిశ్చింతగా తినొచ్చు.

ఇంట్లో వండుకుంటే కాల్‌రోజ్ బియ్యం కొనండి, ఇది ఉడికితే అంటుకునే మధ్యరకం గింజ. సోనా మసూరి లెక్కన నీళ్లు పోస్తే జావ అవుతుంది. నీళ్లు దాదాపు తేటపడేదాకా కడిగి, కప్పు బియ్యానికి కప్పుంపావు లోపే నీళ్లు పోయండి. ఉడికాక మూత తీయకుండా పది నిమిషాలు వదిలేయాలి, లేకపోతే పైన పొడిగా, అడుగున ముద్దగా ఉంటుంది.

ముసుబి ఇంట్లో చేసుకుంటే స్పామ్ బదులు గట్టి టోఫు వాడొచ్చు. అరగంట బరువు పెట్టి నీరు పిండేసి, వేలి మందాన ముక్కలు కోసి, రెండు వైపులా ఎర్రగా కాల్చండి. షోయు (సోయా సాస్), పంచదార చెరో రెండు చెంచాలు కలిపి చివర్లోనే పోయాలి. ముందే పోస్తే పంచదార మాడి చేదెక్కుతుంది. ముక్కను అచ్చులో నొక్కిన అన్నం మీద పెట్టి, నోరి అనే ఎండిన సముద్రపు నాచు రేకు చుట్టండి. ఆ పూటే తినేయండి, ఫ్రిజ్‌లో పెడితే అన్నం బిరుసెక్కుతుంది.