వెలోసెట్ వెనమ్ కొన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ పాత ఇంగ్లీషు మోటారు సైకిలు ఫొటోలు అందాయి. నల్లటి ట్యాంకు మీద బంగారు గీతలు, చేప తోకలా విచ్చుకున్న సైలెన్సర్ చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. దాన్ని బాగుచేసినవాడు పనిమంతుడే. కానీ "నలభై కిక్కులు కొట్టినా స్టార్ట్ కాలేదు, క్లచ్ జారుతోంది, మోసపోయానేమో" అని నువ్వు రాసిన మాట దగ్గర ఆగిపోయాను. మోసపోలేదు నాయనా. ఆ బండికి దాని పద్ధతి ఒకటుంది. అది పట్టుబడేదాకా ఎంత బలవంతుడికైనా లొంగదు.

ముందు స్టార్ట్ చేయడం సంగతి చెబుతాను. మీ నాన్నగారి బుల్లెట్ మీద ఆమీటర్ ముల్లు చూసి కిక్ కొట్టడం నేర్చుకున్నవాడివి. ఇదీ అదే విద్య, కాకపోతే ఇక్కడ ముల్లు చెప్పదు, కాలికే తెలియాలి. పెట్రోలు ట్యాపు తిప్పు. ఇంజన్ చల్లగా ఉంటే కార్బురేటర్ మీద టిక్లర్ అనే చిన్న బొత్తాన్ని వేలికి తడి తగిలేదాకా నొక్కు. వేడిగా ఉంటే దాని జోలికి పోకు. కిక్‌ను మెల్లగా తొక్కుతూ పో, ఒకచోట గోడకు ఆనినట్టు ఆగుతుంది, అదే కంప్రెషన్. అక్కడ సిలిండర్‌లోని ఒత్తిడిని వదిలించే డీకంప్రెషన్ లివరు పట్టి, పిస్టన్‌ను ఆ గట్టు మీంచి వెంట్రుకవాసి దాటించు. లివరు వదిలి కిక్‌ను పూర్తిగా పైకి రానివ్వు. ఇక థ్రాటిల్ ముట్టుకోకుండా, ఒంటి బరువంతా వేసి అడుగుదాకా ఒకే ఊపులో తొక్కు. మళ్ళీ కంప్రెషన్ ఎదురయ్యేలోగా ఫ్లైవీలుకు దాదాపు రెండు చుట్లు తిరిగే వీలు దొరుకుతుంది. ఇంజన్‌ను లేపేది ఆ ఊపే. కోపంతో పొట్టి పొట్టి కిక్కులు కొడితే నిప్పురవ్వకు కరెంటు పుట్టించే మాగ్నెటో చాలినంత వేగంగా తిరగదు, నిప్పురవ్వ బలంగా పడదు. పైగా ఎదురు తన్నిందంటే చీలమండకే ప్రమాదం. గట్టి బూట్లు లేకుండా కిక్ మీద కాలు పెట్టకు.

క్లచ్ దగ్గర నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదు. నా మొదటి వెలోసెట్ క్లచ్ జారుతుంటే, అన్ని బండ్లలాగే అనుకుని కేబుల్ బిగించాను. ఇంకా జారింది. ఇంకా బిగించాను. ఒక్క వేసవిలో ప్లేట్లన్నీ మాడిపోయాయి. ఈ బండిలో క్లచ్ సర్దుబాటు కేబుల్‌తో అయ్యే పని కాదు. గేర్‌బాక్సు మీద వెనక చైను తిరిగే చిన్న పళ్ళ చక్రంలో ఒక రంధ్రం ఉంటుంది. అందులోంచి చిన్న ఉక్కు పెగ్గును లోపలి స్ప్రింగుల పళ్ళెం గాడిలోకి దింపి, బండిని న్యూట్రల్‌లో ఉంచి వెనక చక్రాన్ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పాలి. కేబుల్‌కు కాస్త వదులు మిగలాలి. అది లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం నొక్కినట్టే ఉంటుంది. ఇదంతా వింతగా తోస్తుంది. కానీ వాళ్ళు క్లచ్‌ను ఆ చిన్న చక్రానికి లోపలివైపు, సన్నగా ఇమిడేలా పెట్టారు. అందుకే ఇంజన్ నుంచి క్లచ్‌కు వచ్చే ప్రైమరీ చైను విప్పకుండానే ఆ చిన్న చక్రాన్ని మార్చుకోవచ్చు. రేసుకు వెళ్ళేవాడికి అదెంత సుఖమో ఆలోచించు.

ఆ "వాళ్ళు" ఎవరో నీకు తెలియాలి. జర్మనీ నుంచి వచ్చిన యోహానెస్ గూట్గేమన్, ఇంగ్లండులో జాన్ టేలర్‌గా మారి, 1905లో బర్మింగ్‌హామ్‌లో వెలోస్ కంపెనీ పెట్టాడు, తర్వాత జాన్ గుడ్‌మన్ అయ్యాడు. వెలోసెట్ అన్నది 1913లో వచ్చిన చిన్న టూ స్ట్రోక్ బండి పేరు, తర్వాత అదే నిలిచిపోయింది. కొడుకులు పెర్సీ, యూజీన్ కూడా అందులోనే పనిచేశారు. పెర్సీ గీసిన 350 సీసీ ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజన్‌తో ఆలెక్ బెనెట్ ఐల్ ఆఫ్ మాన్ దీవిలో జరిగే టీటీ రేసుల్లో 1926 జూనియర్ టీటీని పది నిమిషాలకు పైగా తేడాతో గెలిచాడు. వాళ్ళ ఇంజనీరు హెరాల్డ్ విల్లిస్ 1928లో కాలితో గేరు వేసే పద్ధతిని కుదిర్చాడు. తొక్కిన ప్రతిసారీ లివరు తన చోటికి తిరిగి వచ్చేస్తుంది. ఈనాటి గేర్ల మోటారు సైకిళ్ళలో దాదాపు అన్నిటిదీ అదే దారి. 1949లో, 1950లో 350 సీసీ ప్రపంచ టైటిళ్ళు రెండూ హాల్ గ్రీన్‌లోని ఆ కుటుంబ కర్మాగారానివే. నీ వెనమ్ 1955లో పుట్టింది: 499 సీసీ, సిలిండర్ వ్యాసమూ (బోరు), పిస్టన్ కదిలే దూరమూ (స్ట్రోకు) రెండూ 86 మిల్లీమీటర్లే. 1961 మార్చిలో పారిస్ దగ్గరి మోంట్‌లేరీ ట్రాకు మీద, ఫ్రెంచి, ఇంగ్లీషు రైడర్లు వంతులవారీగా నడిపితే, 24 గంటలు గంటకు సగటున 100.05 మైళ్ళు పరుగెత్తింది. అంతకుముందు ఏ మోటారు సైకిలూ చేయని పని అది. పదేళ్ళకు, 1971లో, కంపెనీ మూతపడింది. పోలీసులు వాడిన ఎల్ఈ బండి మీద, ఆ తర్వాత స్కూటర్ మీద పెట్టిన డబ్బు వాళ్ళను కుంగదీసిందని నా అభిప్రాయం. ఆ సొమ్ము వెనమ్ మీద పెట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధ.

ఇక ఆయిల్. రెండు మూడు వారాలు కదలకుండా ఉంటే ట్యాంకులోని ఆయిల్ పంపు గుండా మెల్లగా క్రాంక్‌కేసులోకి దిగిపోతుంది. స్టార్ట్ చేసే ముందు అడుగు ప్లగ్ తీసి వంపేయి. దీనికి విరుగుడుగా ట్యాంకు కింద ట్యాపు పెట్టుకోమని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఒక్కరోజు తెరవడం మరిచిపోతే చాలు, ఇంజన్ పట్టేస్తుంది. పెట్రోలు ఇథనాల్ తక్కువున్న ఈ5 రకమే పోయించు. పానాలు పాత ఇంగ్లీషు విట్‌వర్త్ కొలతలవి కొనుక్కో. మెట్రిక్ పానాతో బిగిస్తే నట్టు మూలలు అరిగిపోతాయి. వెనక ఎవరినైనా ఎక్కించుకునే రోజు షాక్ అబ్జార్బర్ల పై కొసలను ఫ్రేము గాడిలో నిటారుగా జరుపు, గట్టిబడతాయి.

నంబర్లు కూడా చూడు. ఇంజన్ నంబరు వీఎంతో, ఫ్రేము నంబరు ఆర్ఎస్‌తో మొదలవ్వాలి. అదే కంపెనీ మరో మోడల్ అయిన ఎంఎస్ఎస్‌కు వెనమ్ వేషం వేసినవి లేకపోలేదు. వెలోసెట్ ఓనర్స్ క్లబ్బును అడిగి సరిచూసుకో.

ఆదివారం నడుపుకుంటూ రా, వ్యానులో తేకు. మీ అత్తయ్య పెసరట్లు వేస్తానంటోంది. ఉక్కు పెగ్గు లేకపోతే నా దగ్గర రెండున్నాయి, ఒకటి నీకు తీసిపెట్టాను.

ఇట్లు,
మీ మామయ్య