జొన్నరొట్టె విరగకుండా రావాలంటే

రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె మొదలుపెట్టామని, చన్నీళ్లతో కలిపిన పిండి తడుతుంటేనే అంచులు పగిలి, పెనం మీద వేసేలోపే విరిగిపోతోందని రాశారు. లోపం మీ చేతిలో లేదండీ, నీళ్లలో ఉంది. గోధుమపిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ అనే ప్రొటీన్ జొన్నలో ఉండదు. అందుకే చన్నీళ్లతో ఎంత పిసికినా సాగదు, వేడినీళ్లు పడితేనే జిగురొస్తుంది.

కప్పు నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి తెర్లనివ్వండి. స్టవ్ ఆపి, కప్పు పిండి పోసి, గరిటెతో కలిపి 5 నిమిషాలు మూత పెట్టండి. చెయ్యి పట్టేంత వేడి ఉండగానే తడిచేత్తో బాగా మర్దించండి. ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. ప్రతి ముద్దనీ తట్టబోయే ముందు మళ్లీ పిసకాలి. పొడిపిండి చల్లి అరచేత్తో తట్టి, బాగా కాలిన పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో అద్దండి. ఆ తడి ఆరాకే తిప్పాలి.

పిండి పాతదైతే ఇంత చేసినా విరుగుతుంది, కొద్దికొద్దిగా మర పట్టించుకోండి. పక్కన వట్టి పచ్చడితో సరిపెట్టకండి, తోటకూర పప్పు చేయండి. జొన్నలో తక్కువగా ఉండే లైసిన్ (ఒంటికి అవసరమైన ఒక అమైనో ఆమ్లం, అంటే ప్రొటీన్‌లో ఒక భాగం) పప్పులో దొరుకుతుంది.