క్రెడిట్ లిమిట్ ఎమర్జెన్సీ ఫండ్ కాదండీ, ట్రయాథ్లాన్ చేసేవాళ్లకైతే అసలే కాదు

ప్రశ్న: నా వయసు 36, ప్రైవేటు ఉద్యోగం. భార్య ప్రస్తుతం ఉద్యోగం చేయడం లేదు, నాలుగేళ్ల పాప ఉంది. మూడేళ్లుగా ట్రయాథ్లాన్‌లు (ఈత, సైక్లింగ్, పరుగు వరసగా చేసే పోటీలు) చేస్తున్నాను, వాటిలో తక్కువ దూరాలైన స్ప్రింట్, ఒలింపిక్ డిస్టెన్స్ పూర్తయ్యాయి. ఐదు నెలల్లో విదేశంలో హాఫ్ ఐరన్‌మ్యాన్ (113 కిలోమీటర్ల ట్రయాథ్లాన్) ఉంది, ఎంట్రీ ఫీజు కట్టేశాను. నా జీతం 100 అనుకుంటే అద్దె, ఇంటి ఖర్చులు 60, టీటీ బైక్, అంటే రేసు సైకిల్, ఈఎంఐ 13 (ఇంకా 11 నెలలు), మ్యూచువల్ ఫండ్ సిప్ 10, కోచ్, పూల్, ఫిజియో, జెల్స్ (రైడ్‌లో తీసుకునే ఎనర్జీ ప్యాకెట్లు) కలిపి 9. కార్డు మీద నెలన్నర జీతమంత బాకీ ఉంది, మినిమమ్ డ్యూ కడుతున్నాను. సిప్‌లో ఇప్పటిదాకా ఒక నెల జీతమంత పోగైంది, సేవింగ్స్ ఖాతాలో ఇరవై రోజుల ఖర్చుకి సరిపడా ఉంటుంది. ప్రయాణం, సైకిల్‌కి కార్బన్ వీల్స్, ఈతకి వెట్‌సూట్, తొక్కే బలాన్ని కొలిచే పవర్ మీటర్ కోసం మూడు నెలల జీతమంత పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. మూడేళ్లకి పెట్టుకుంటే ఈఎంఐ దాదాపు సిప్ అంతే వస్తోంది కాబట్టి సిప్ ఆపేస్తే సరిపోతుంది. అత్యవసరానికి కార్డు లిమిట్ ఇంకా సగం ఖాళీగా ఉంది, ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంది. లోన్ మూడేళ్లకి పెట్టుకోవాలా, ఐదేళ్లకా?

జవాబు: మూడేళ్లకీ వద్దు, ఐదేళ్లకీ వద్దు. లోనే వద్దు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది లోన్ సంగతి కాదు, చివర్లో అలవోకగా రాసిన ఆ మాట, "అత్యవసరానికి కార్డు లిమిట్ ఇంకా సగం ఖాళీగా ఉంది" అన్నది. ఈ మాట నేను తరచూ వింటుంటాను, అందుకే మీకు కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. లిమిట్ అంటే బ్యాంకు మీకు ఇస్తానంటున్న అప్పు, మీ డబ్బు కాదు. బ్యాంకు దాన్ని ఎప్పుడైనా తగ్గించగలదు. పైగా ఉద్యోగం పోయినప్పుడు, ఈఎంఐలు తప్పినప్పుడు, అంటే సరిగ్గా మీకు అవసరం పడ్డప్పుడే తగ్గించే అవకాశం ఎక్కువ.

ముందు మీ లెక్కే మీకు చదివి వినిపిస్తాను. 60, 13, 10, 9 కలిపితే 92. మినిమమ్ డ్యూ బాకీలో 5 శాతం అనుకుంటే అది 7.5. మొత్తం 99.5. మిగిలేది అర. జీతంలో అర శాతం! పాపకి జ్వరం వచ్చి రెండుసార్లు డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆ అర కాస్తా అయిపోతుంది, ఆపైన అయ్యేది కార్డు మీదికే వెళ్తుంది. ఇక ఆ కార్డు సంగతి. నెలకి 3 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి చక్రవడ్డీతో 42 శాతం దాటుతుంది. మీరు కట్టే 7.5లో 4.5 వడ్డీకే పోతోంది, అసలు తగ్గేది 3 మాత్రమే. దీనికి తోడు చాలామంది గమనించని విషయం ఒకటుంది. పాత బాకీ పూర్తిగా కట్టకుండా మోస్తున్నంతకాలం కొత్తగా గీకిన దానికి సాధారణంగా వడ్డీ లేని గడువు వర్తించదు, మొదటి రోజు నుంచే మీటర్ తిరుగుతుంది. అంటే మీరు కార్డు మీద కొన్న జెల్స్‌కి కూడా 42 శాతం వడ్డీ కడుతున్నారు.

జెల్స్ అన్నాను కాబట్టి ఒక మాట. బైక్ మీద గంటకి 60 నుంచి 90 గ్రాముల కార్బోహైడ్రేట్లు తీసుకోమని మీ కోచ్ చెప్పే ఉంటారు. ఒక్కో జెల్‌లో సాధారణంగా 20, 25 గ్రాములుంటాయి. మూడు గంటల లాంగ్ రైడ్‌కి పది ప్యాకెట్లు చించాలి, అదీ ప్రతి వారాంతం. షూస్ 500 నుంచి 800 కిలోమీటర్లకి అరిగిపోతాయి, చెయిన్ సాగుతుంది, టైర్లు పోతాయి. ఇవన్నీ 9లోనే సరిపోతున్నాయని మీరు రాశారు గానీ నేను నమ్మను. సరిపోతే కార్డు మీద నెలన్నర జీతం ఎలా పేరుకుంది? గత ఆరు నెలల కార్డు స్టేట్‌మెంట్లు తీసి, ఈ ఆటకి సంబంధించిన ప్రతి లైన్‌నీ పెన్నుతో సున్నా చుట్టండి. ఆ 9 కాస్తా 14, 15 అని తేలినా నేను ఆశ్చర్యపోను.

ఇప్పుడు అసలు విషయం. ఎమర్జెన్సీ ఫండ్ అందరికీ కావాలి, కానీ ట్రయాథ్లాన్ చేసేవాళ్లకి మిగతావాళ్లకన్నా ముందు కావాలి. ఎందుకంటే పడిపోయే అవకాశాన్ని మీరు ప్రతి వారం మీ అంతట మీరే తెచ్చుకుంటున్నారు. తప్పని అనడం లేదు, ఆట ఆడేవాళ్లంటే నాకు ఇష్టమే, దానికి తగ్గ ఏర్పాటు లేకపోవడమే ఇబ్బంది.

ఒక ఆదివారం తెల్లవారుజామున రైడ్‌కి వెళ్లారనుకోండి. టీటీ బైక్ మీద, హ్యాండిల్ నుంచి ముందుకి పొడుచుకొచ్చే ఏరో బార్లు పట్టుకుని ముందుకి వంగి ఉన్నారు, బ్రేకులేమో ఆ బార్ల మీద ఉండవు, పక్కన బేస్ బార్, అంటే అసలు హ్యాండిల్ మీద ఉంటాయి. ముందున్న బండి సడన్‌గా ఆగింది, చెయ్యి బ్రేక్ దాకా వెళ్లేలోపే భుజం మీద పడ్డారు. సైకిల్ నడిపేవాళ్లకి ఇలాంటప్పుడు మామూలుగా విరిగేది కాలర్‌బోన్. ఆపరేషన్ లేకపోయినా ఆరు నుంచి ఎనిమిది వారాలు చెయ్యి జాగ్రత్తగా పెట్టుకోవాలి, కారు నడపలేరు, ఒంటి చేత్తో టైపింగ్. సెలవులు అయిపోతే ఆ తర్వాతి రోజులకి జీతం కట్. దెబ్బ తగిలిన హెల్మెట్ మళ్లీ వాడకూడదు కాబట్టి కొత్తది. గేర్లు మార్చే డీరైలర్‌ని ఫ్రేమ్‌కి తగిలించే హ్యాంగర్ వంగితే చిన్న ఖర్చే, అది ఫ్రేమ్‌ని కాపాడ్డానికే పెట్టిన ముక్క. కానీ కార్బన్ ఫ్రేమ్ పైకి బాగానే కనిపించినా లోపల చీలి ఉండొచ్చు, చెక్ చేయించాలి. ఫ్రేమ్ పనికిరాదని తేలినా బైక్ ఈఎంఐ మాత్రం ఆగదు. ఫిజియో ఫీజు అదనం. ఈ మొత్తాన్ని మీ ప్లాన్ ప్రకారం సగం ఖాళీగా ఉన్న ఆ కార్డు మీద, 42 శాతం వడ్డీకి పెడతారన్నమాట. పైగా ఆ నెలలో ఇంట్లో సంపాదించేది మీరొక్కరే.

అందుకే మీ ఫండ్ లెక్కలో ఈఎంఐ కూడా కలపాలి. 60, 13 కలిపి 73, ఆరు నెలలకి 438, అంటే దాదాపు నాలుగున్నర నెలల జీతం. బైక్ ఈఎంఐ అయిపోయాక 360 చాలు. "అంత ఎప్పటికి అవుతుంది సార్" అని నిట్టూర్చకండి, చెప్తాను.

సిప్ ఆపండి. ఈ ఒక్క విషయంలో మీరూ నేనూ ఒకటే, కాకపోతే లోన్ ఈఎంఐ కోసం కాదు, కార్డు కోసం. ఇప్పటిదాకా పోగైన నెల జీతాన్ని బయటికి తీసి, కార్డు లింక్ లేని వేరే సేవింగ్స్ ఖాతాలో పెట్టండి. లెక్క ప్రకారమైతే 42 శాతం వడ్డీ నడుస్తున్నప్పుడు ఆ డబ్బు కార్డుకే కట్టాలని కొందరు వాదిస్తారు, కాదనను. కానీ చేతిలో నగదు లేనివాళ్లు కార్డు కట్టేశాక కూడా మొదటి ఇబ్బందికే మళ్లీ అదే కార్డు గీకడం నేను చూస్తూనే ఉన్నాను. మీ ఖర్చు తీరు చూశాక మీ విషయంలో నగదే ముందు అంటాను. తర్వాత, ఒలింపిక్ డిస్టెన్స్ దాకా వాడిన పాత రోడ్ బైక్ ఇంట్లో మూల పడి ఉంటే అమ్మేసి ఆ డబ్బు కార్డుకి కట్టండి. కోచ్, పూల్, ఫిజియో, జెల్స్ 9 నుంచి 4కి దించండి. పూల్ తప్పదు, ఒంటరిగా చెరువుల్లో దిగి మాత్రం పొదుపు చేయకండి. కోచ్‌ని కొన్నాళ్లు ఆపొచ్చు, ఎటూ మూడేళ్ల అనుభవం ఉంది. జెల్స్ బదులు పంచదార, మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థపు పొడి కలిపి బాటిల్‌లో పోసుకునేవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

అప్పుడు కార్డుకి నెలకి 7.5, 10, 5 కలిపి 22.5 వెళ్తుంది. కొత్తగా ఏమీ గీకకపోతే ఎనిమిది నెలల్లో బాకీ సున్నా, పాత బైక్ అమ్మితే ఇంకా ముందే. ఆ తర్వాత అదే 22.5 ఫండ్‌కి, మరో మూడు నెలల్లో బైక్ ఈఎంఐ అయిపోతుంది కాబట్టి ఆ 13 కూడా ఫండ్‌కే. ఏడాదిన్నరలో ఆరు నెలల ఖర్చు పోగవుతుంది. మధ్యలో ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టాలి కాబట్టి ఒకటి రెండు నెలలు అటూ ఇటూ కావచ్చు, పర్లేదు. సిప్ మళ్లీ అప్పుడు.

లోన్ గురించి మళ్లీ అడుగుతారని తెలుసు. 14 శాతానికి మూడేళ్లు పెట్టుకుంటే జీతంలో 10 పైనే ఈఎంఐ, మొత్తం వడ్డీ దాదాపు ఇరవై రోజుల జీతం. ఎనిమిదిన్నర గంటల్లో ముగించాల్సిన రేసుకి ముప్పై ఆరు నెలల ఈఎంఐ ఏంటండీ! ఆ మూడేళ్లలో మీరు ఫుల్ ఐరన్‌మ్యాన్ కూడా మొదలుపెడతారు, 3.8 కిలోమీటర్ల ఈత, 180 బైక్, 42.2 పరుగు, దానికి ట్రైనింగ్ ఖర్చు ఇప్పటికన్నా తక్కువ కాదు. అదృష్టం బాగుండి ఐరన్‌మ్యాన్ వరల్డ్ చాంపియన్‌షిప్‌లో పాల్గొనే చోటు, అంటే స్లాట్, మీ దాకా వచ్చిందనుకోండి, అది తీసుకోవాలంటే అక్కడికక్కడే డబ్బు కట్టాలి, ఆ ఉత్సాహంలో జేబులోంచి వచ్చేది ఏ కార్డో నాకు తెలుసు. ఒకే ఒక్క మినహాయింపు ఇస్తాను. ఉన్న కార్డు బాకీ వరకు మాత్రమే తక్కువ వడ్డీ లోన్‌లోకి మార్చుకుని, ఆ కార్డు బ్లాక్ చేయించగలిగితే మార్చుకోండి. వీల్స్ కోసం ఒక్క పైసా కూడా అందులో కలపకూడదు.

వీల్స్ అద్దెకి దొరుకుతాయి. వెట్‌సూట్ కూడా దొరుకుతుంది. పైగా ఐరన్‌మ్యాన్ రేసుల్లో నీటి ఉష్ణోగ్రత 24.5 డిగ్రీలు దాటితే వెట్‌సూట్‌తో ఈదినవాళ్లకి బహుమతులకీ వరల్డ్ చాంపియన్‌షిప్ స్లాట్‌కీ అర్హత ఉండదు, ఆ రోజు నీళ్లు ఎలా ఉంటాయో తెలియకుండా అప్పు చేసి కొంటారా? పవర్ మీటర్ లేకుండా హాఫ్ పూర్తి చేసినవాళ్లు కోకొల్లలు.

"ఎంట్రీ ఫీజు కట్టేశాను కదా" అంటారు. ఆ డబ్బు పోయింది, మీరు వెళ్లినా పోయిందే, వెళ్లకపోయినా పోయిందే. దాన్ని కాపాడుకోవడానికి మూడు నెలల జీతం అప్పు చేయడం ఏం లెక్క? ఇవాళే నిర్వాహకుల రూల్స్ చదవండి, చాలా రేసుల్లో ఫలానా తేదీలోపు అడిగితే వచ్చే ఏడాదికి మార్చడమో, కొంత వెనక్కివ్వడమో ఉంటుంది. ఆ తేదీ దాటిపోతే అదీ ఉండదు. 1.9, 90, 21.1 కలిపి 113 కిలోమీటర్లు ఎక్కడైనా 113 కిలోమీటర్లే, రాత్రి బయల్దేరి పొద్దునకి చేరుకోగలిగే రేసు ఒకటి చూసుకోండి.

ఇక ఇన్సూరెన్స్. ఆఫీసు పాలసీ ఆఫీసుతోనే పోతుంది, సొంతంగా ఫ్యామిలీ పాలసీ ఒకటి ఉండాలి, మీ వయసులో ఆలస్యం చేయకూడదు. టర్మ్ పాలసీ గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు, అంటే లేదనే అనుకుంటున్నాను. భార్య, నాలుగేళ్ల పాప మీ ఒక్కరి జీతం మీద ఉన్నారు, ఈ నెలలోనే తీసుకోండి. ప్రపోజల్ ఫారంలో ఆటల గురించి అడిగితే ఉన్నదున్నట్టు రాయండి, దాచిపెడితే క్లెయిమ్ రోజున ఇబ్బంది పడేది మీ ఆవిడ. ప్రమాదం వల్ల వచ్చే వైకల్యానికి విడిగా కవర్ తీసుకుంటే ఇంకా మంచిది. చాలా పాలసీల్లో సాహస క్రీడలు, పోటీలు, ప్రొఫెషనల్ ఆటలు అని మినహాయింపులుంటాయి, ఒక్కో కంపెనీది ఒక్కో భాష. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లోనూ పోటీలో తగిలిన దెబ్బలు, రేసులో పాడైన బైక్ తరచూ బయటే ఉంటాయి. రేసు రోజు మీరు సంతకం పెట్టే ఫారంలో కూడా బాధ్యత నాదే అని రాసిస్తారు కదా, ఎప్పుడైనా చదివారా?

ఏజెంట్ ఫోన్‌లో "అన్నీ కవర్ అవుతాయి సార్" అంటే వినకండి. కంపెనీకి మెయిల్ పెట్టండి: నేను జీతం గానీ ప్రైజ్ మనీ గానీ లేకుండా ఔత్సాహికుడిగా ట్రయాథ్లాన్ పోటీల్లో పాల్గొంటాను, బహిరంగ జలాల్లో ఈత, రోడ్డు మీద సైక్లింగ్ ఉంటాయి, ట్రైనింగ్‌లోనూ పోటీలోనూ తగిలే గాయాలకి కవర్ ఉందా, లేకపోతే ఏ క్లాజ్ కింద లేదు? జవాబు రాతపూర్వకంగా వచ్చాకే ప్రీమియం కట్టండి. ఆఫీసు పాలసీ గురించి హెచ్‌ఆర్‌కి కూడా ఇదే ప్రశ్న పంపండి.

లోన్‌కి ఇప్పటికే అప్లై చేసి ఉంటే డబ్బు ఖాతాలో పడకముందే వద్దని చెప్పేయండి. ప్రాసెసింగ్ ఫీజు పోతుందేమో, పోనివ్వండి.